నూరేళ్ల పెంపకం, రెండు నెలల నష్టం

మీ చేతిగోళ్లు ఒకసారి చూసుకోండి. గోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది. అది పెరగటాన్ని మనం గమనించనే గమనించం. అమ్మ కోప్పడిన రోజున కత్తిరించి పారేస్తాం, అంతే. ఇప్పుడు సముద్రం అడుగున ఉండే ఒక ప్రాణి సంగతి వినండి. మీ గోరు రెండు నెలల్లో పెరిగినంత పెరగటానికి దానికి దాదాపు ఏడాది పడుతుంది. "ఇంత నత్తనడక ప్రాణి దేనికి పనికొస్తుంది?" అని మీరు అడగవచ్చు. వేల ఏళ్లుగా సముద్రంలో లేచిన గోడలకు పునాదిరాళ్లు వేసినవాటిలో ఆ నత్తనడక ప్రాణి ముఖ్యమైనది. దాని పేరు మెదడు పగడం. అదెలా బతుకుతుందో ముందు చెప్పి, ఆ తర్వాత దాని తరఫున మీ ఎదుట ఒక వాదన పెట్టాలని ఈ వ్యాసం.

వెస్టిండీస్ అనగానే మీకు క్రికెట్టు గుర్తుకొస్తుంది. జమైకా, బార్బడోస్, ఆంటిగ్వా, ట్రినిడాడ్, టొబాగో పేర్లు మీలో చాలామందికి కంఠతా వచ్చే ఉంటాయి. భూగోళ పటం తెరచి, ఉత్తర దక్షిణ అమెరికాల నడుమ ఆ దీవులు ఎక్కడున్నాయో చూడండి. దండలాగా గుచ్చిన ఆ దీవులకు లోపలివైపున ఉన్నదే కరీబియన్ సముద్రం. దానికి ఉత్తరాన బహామా దీవులు, అమెరికా దేశపు ఫ్లోరిడా తీరం ఉన్నాయి. ఈ వెచ్చని, తేటనీటి సముద్రాల్లో పగడపు దిబ్బలు ఉన్నాయి. మీ పాఠ్యపుస్తకంలో వీటినే ప్రవాళ భిత్తికలు అన్నారు.

పగడం అంటే మనకు ఉంగరంలో పొదిగే ఎర్రని రాయి గుర్తుకొస్తుంది. అది ఎక్కువగా మధ్యధరా సముద్రంలో దొరికే వేరొక జాతి. అది దిబ్బలు కట్టదు. దిబ్బలు కట్టేవి రాతి పగడాలు. వాటిలో కొన్ని జింకకొమ్ముల్లా కొమ్మలు వేస్తాయి. కొన్ని బండల్లా గుండ్రంగా పెరుగుతాయి. ఆ గుండ్రటి వాటిలో ఒకటి మెదడు పగడం. అక్రోటు పప్పును చూశారా? దాని మీద మెలికలు తిరిగిన గట్లూ, గాళ్లూ ఉంటాయి గదా! అలాంటి అక్రోటు పప్పు ఒకటి మీ బడి బల్లంత పెద్దదై సముద్రం అడుగున కూర్చుంటే ఎలా ఉంటుందో, మెదడు పగడం అలా ఉంటుంది. స్వీడన్ శాస్త్రజ్ఞుడు లిన్నేయస్ 1758లో వీటిలో ఒక జాతికి "లాబిరింథిఫార్మిస్" అని పేరు పెట్టాడు. లాబిరింత్ అంటే దారి తెలియని చిక్కుబాటల కోట. మన భాషలో పద్మవ్యూహం అనుకోండి.

ఇంతకీ ఇది రాయా, చెట్టా, జంతువా? ఒకప్పుడు పండితులు కూడా చెట్టనే అనుకున్నారు. 1720 దశకంలో ఫ్రాన్సు దేశపు వైద్యుడు పేసొనెల్ అనే ఆయన, పగడం మీద పువ్వుల్లా విచ్చుకునేవి పువ్వులు కావనీ, అవి చిన్న చిన్న జంతువులనీ చెప్పాడు. పారిస్ పండితులు ఒప్పుకోలేదు. ఆయన ఆ తర్వాత కరీబియన్‌లోని గ్వాడెలూప్ దీవికి వెళ్లి, అక్కడే వైద్యం చేస్తూ సముద్రజీవులను పరిశీలిస్తూ ఉండిపోయాడు. ఆయన చెప్పిందే నిజమని లోకం ఒప్పుకోవటానికి కొన్ని దశాబ్దాలు పట్టింది.

ఆ చిన్న జంతువు పేరు పాలిప్. ఒక మెత్తని సంచి, దానికి ఒకే ఒక నోరు, నోటి చుట్టూ వేళ్లలాంటి స్పర్శకాలు, అంతే దాని శరీరం. సముద్రపు నీటిలోని కాల్షియాన్ని తీసుకుని తన కింద సున్నపురాతి పీఠం కట్టుకుంటుంది. ఒక పాలిప్ రెండవుతుంది, రెండు నాలుగవుతాయి. చాలా పగడాల్లో ప్రతి పాలిప్‌కూ విడి గిన్నె ఉంటుంది. మెదడు పగడంలో అలా కాదు. పాలిప్‌లు పూర్తిగా వేరుపడకుండా, ఒకే గాడిలో వరసగా, మధ్య గోడ లేకుండా కూర్చుంటాయి. వేరు కాపురాలు పెట్టని ఉమ్మడి కుటుంబం అన్నమాట. ఆ వరసలే మనకు మెదడు మీది మెలికల్లా కనిపిస్తాయి.

ఈ కుటుంబానికి వంట చేసిపెట్టేవాళ్లు వేరే ఉన్నారు. పాలిప్ శరీర కణాల్లో కంటికి కనిపించని ఏకకణ శైవలాలు కాపురం ఉంటాయి. పగలు సూర్యకాంతిలో అవి కిరణజన్య సంయోగక్రియ జరిపి, తయారైన ఆహారంలో ఎక్కువ భాగాన్ని పగడానికే ఇస్తాయి. పగడానికి కావలసిన శక్తిలో 90 శాతం దాకా ఇలా దొరుకుతుంది. అందుకు బదులుగా పగడం వాటికి ఇల్లూ, కొన్ని పోషకాలూ ఇస్తుంది. రాత్రిపూట పగడం స్పర్శకాలను బయటికి చాపి, నీటిలో తేలివచ్చే సూక్ష్మజీవులను పట్టి తింటుంది. పగటికి సూర్యుడు, రాత్రికి వేట!

వెలుతురు లేనిదే ఈ పొత్తు సాగదు కనుక పగడాలకు తేటనీరు కావాలి. మన ఆంధ్రతీరంలో పెద్ద పగడపు దిబ్బలు లేకపోవటానికి ఒక కారణం ఇదే. గోదావరి, కృష్ణ తెచ్చే మంచినీరు, ఒండ్రుమట్టి వాటికి గిట్టవు. మన దేశంలో వాటిని చూడాలంటే లక్షద్వీపాలకో, అండమాన్ దీవులకో, మన్నార్ సింధుశాఖకో, కచ్ తీరానికో వెళ్లాలి. బురద పగడానికి గిట్టదన్న ఈ సంగతి గుర్తుంచుకోండి. మళ్లీ అవసరం వస్తుంది.

ఇక లెక్కకు వద్దాం. కరీబియన్‌లో జింకకొమ్ము పగడం కొమ్మ ఏడాదికి 10 నుంచి 20 సెంటీమీటర్లు పెరుగుతుంది. మెదడు పగడాలు జాతినిబట్టి, చోటునుబట్టి ఏడాదికి 3 మిల్లీమీటర్ల నుంచి 10 మిల్లీమీటర్ల దాకా పెరుగుతాయి. 5 మిల్లీమీటర్లు అనుకోండి. ఒక మీటరు వెడల్పున్న గుండ్రటి గడ్డ తయారు కావాలంటే మధ్య నుంచి అన్ని వైపులకూ అర మీటరు పెరగాలి. అర మీటరంటే 500 మిల్లీమీటర్లు. 500ను 5తో భాగించండి. నూరేళ్లు!

టొబాగో దీవిలో స్పేసైడ్ అనే ఊరి దగ్గర సముద్రంలో ఒక మెదడు పగడం ఉన్నది. ఎత్తు సుమారు 3 మీటర్లు, వెడల్పు సుమారు 5 మీటర్లు. ప్రపంచంలోకెల్లా పెద్దవాటిలో అది ఒకటి. దాని వయసు మీరే లెక్క కట్టండి. అది మన లెక్కకు రెట్టింపు వేగంతో పెరిగిందనుకున్నా రెండువందల యాభై ఏళ్లకు తక్కువ కాదు.

ఎందుకింత నిదానం? పందిరికీ, కోటగోడకూ ఉన్న తేడాయే ఇక్కడా. జింకకొమ్ము పగడం తన బలాన్నంతా కొమ్మల చివర్లకే పెడుతుంది. మెదడు పగడం ఒంటి మీది ప్రతి చోటా ఒకేసారి పొరమీద పొర వేసుకుంటూ పోతుంది. పందిరి ఒక్కరోజులో లేస్తుంది. కోటగోడ లేవటానికి ఏళ్లు కావాలి. రెండింటి తేడా గాలివాన వచ్చిన రోజున తెలుస్తుంది.

ఆ గాలివాన 1980 ఆగస్టులో రానే వచ్చింది. ఆలెన్ అనే హరికేన్ జమైకా ఉత్తరతీరాన్ని తాకింది. హరికేన్ అంటే మన తుపానుకు ఆ ప్రాంతంలో ఉన్న పేరు. అక్కడ డిస్కవరీ బే దగ్గర శాస్త్రజ్ఞులు అప్పటికే ఎన్నో ఏళ్లుగా పగడాలను పరిశీలిస్తూ ఉన్నారు. కనుక తుపానుకు ముందు ఏముందో, తర్వాత ఏం మిగిలిందో పోల్చి చూడగలిగారు. తక్కువ లోతులో కొమ్మల పగడాలు నుగ్గునుగ్గయ్యాయి. గుండ్రటి బండ పగడాలు మాత్రం దెబ్బలు తిన్నా చాలావరకు నిలబడ్డాయి.

అలా నిలబడటం ఎందుకంత ముఖ్యం? పగడపు దిబ్బ ఒక బతికున్న గోడ. ఒకవైపు పగడాలు దాన్ని కడుతూ ఉంటే, మరోవైపు దాన్ని తొలిచేవాళ్లు తొలుస్తూనే ఉంటారు. స్పంజికలు రాతిలో సొరంగాలు చేస్తాయి. చిలుకచేపలు నాచు కోసం రాతిని గీకుతాయి. అలలు అరగదీస్తాయి. కట్టేది ఎక్కువైతే దిబ్బ పెరుగుతుంది, తొలిచేది ఎక్కువైతే కరిగిపోతుంది. ఇది కూడా మీ ఇంటి జమాఖర్చు లాంటిదే. 2013లో ప్రచురితమైన ఒక పరిశోధన ప్రకారం కరీబియన్ దిబ్బల మీద ఏటా తయారయ్యే సున్నం పూర్వం కంటే సగానికి సగం తగ్గిపోయింది. జమ తగ్గింది, ఖర్చు మాత్రం ఆగలేదు.

దిబ్బ కరిగిపోతే మనుషులకేం నష్టం అనకండి. ప్రపంచంలోని అనేక దిబ్బల కొలతలను కలిపి చూసి 2014లో శాస్త్రజ్ఞులు ఒక మాట చెప్పారు. ఒడ్డువైపు వచ్చే అలల శక్తిలో సగటున 97 శాతాన్ని పగడపు దిబ్బలే అణచివేస్తాయట! ఏటా హరికేన్లు వచ్చే దీవులలో బెస్తపల్లెలకూ, రేవులకూ, ఇళ్లకూ అవి పెట్టని కోటలు. చేపలకూ, పీతలకూ, రొయ్యలకూ అవి ఇళ్లు. ఆ చేపల మీద బతికే మనుషుల కంచాలలో కూడా దిబ్బల వాటా ఉన్నది.

మెదడు పగడం చేసే మరొక పని ఉన్నది. అది దినచర్య రాసుకుంటుంది! చెట్టు మానును అడ్డంగా కోస్తే ఏటేటా ఒక వలయం కనిపిస్తుంది గదా! పగడపు రాతిని పలుచగా కోసి ఎక్స్‌రే తీస్తే, అలాగే ఏడాదికొక జత పట్టీలు కనిపిస్తాయి. పగడాలలో ఈ ఏటి పట్టీల సంగతి 1972లో రుజువయింది. ఆ పట్టీలలోని మూలకాల పాళ్లను కొలిస్తే, ఆ ఏడు సముద్రం ఎంత వెచ్చగా ఉన్నదో తెలుస్తుంది. కరీబియన్‌కు ఉత్తరాన అట్లాంటిక్ మహాసముద్రంలో బెర్ముడా దీవి ఉన్నది. అక్కడి ఒక మెదడు పగడం నుంచి శాస్త్రజ్ఞులు రెండు శతాబ్దాలకు పైగా కాలపు సముద్రపు ఉష్ణోగ్రతలను రాబట్టారు. ఆ రోజుల్లో అక్కడ ఉష్ణమాపకం పట్టుకుని రోజూ కొలిచినవాళ్లు ఎవరూ లేరు. పగడం కొలిచి దాచిపెట్టింది.

ఇంత పని చేసే ప్రాణికి ఏమవుతున్నదో ఇప్పుడు చూద్దాం.

కరీబియన్ దిబ్బల కష్టాలు ఈనాటివి కావు. 1970 దశకం చివరలో జింకకొమ్ము పగడాలకూ, వాటి దాయాదులైన దుప్పికొమ్ము పగడాలకూ తెల్లపట్టీ వ్యాధి తగిలి అవి గుంపులు గుంపులుగా చచ్చిపోయాయి. 1983లో పనామా తీరాన మొదలైన మరో వ్యాధి, దిబ్బల మీద నాచును మేసే డయడెమా అనే నల్లని ముళ్ల జీవులను సుమారు ఏడాదిలోనే కరీబియన్ అంతటా దాదాపు తుడిచిపెట్టింది. మేసేవాళ్లు లేక నాచు పెరిగి పగడాలను కప్పేసింది. ఫలితం ఏమిటో ఒక్క అంకె చెబుతుంది. 1970 దశకంలో దిబ్బల మీద సగటున సగం మేర బతికున్న పగడం ఉండేది. 2000 సంవత్సరం వచ్చేనాటికి అది పదోవంతు అయింది. ఆ గడ్డుకాలంలో కూడా చాలాచోట్ల మిగిలి నిలిచినవాటిలో మెదడు పగడాలు ఉన్నాయి.

కాని 2014లో వాటి వంతూ వచ్చింది. ఫ్లోరిడాలో మయామీ నగరం దగ్గర రాతి పగడాలకు ఒక కొత్త జబ్బు కనిపించింది. పగడం మీది మెత్తని కణజాలం ఊడిపోయి, తెల్లని రాయి బయటపడుతుంది. దీనికి కణజాల నష్ట వ్యాధి అని పేరు పెట్టారు. 20కి పైగా జాతులకు ఇది సోకుతుంది. వాటిలో ముందుగా బలి అయ్యేవి మెదడు పగడాలు, చిక్కుబాటల పగడాలు, స్తంభపు పగడాలు. చిత్రమేమిటంటే జింకకొమ్ము జాతులకు ఈ జబ్బు రాదు. 2018 నాటికి మెక్సికో తీరానికి వచ్చి కొద్ది నెలల్లోనే వందల కిలోమీటర్లు పాకింది. 2019లో వర్జిన్ దీవులకూ, బెలీజ్ దేశానికీ చేరింది. 2021 నాటికి ఫ్లోరిడా దిబ్బల చిట్టచివరి కొస దాకా పోయింది. ఈ జబ్బు తెచ్చే సూక్ష్మజీవి ఏదో ఇంకా తేలలేదు.

మళ్లీ పెన్సిలు పట్టండి. ఈ జబ్బు మచ్చ కొన్ని పగడాల మీద రోజుకు 3 సెంటీమీటర్ల దాకా పాకుతుంది. మనం లెక్క వేసిన మీటరు వెడల్పు గడ్డ మీద ఒక అంచు నుంచి నడినెత్తి మీదుగా రెండో అంచుకు దూరం సుమారు 157 సెంటీమీటర్లు. 157ను 3తో భాగిస్తే 52 రోజులు. నూరేళ్లు కట్టుకున్నది రెండు నెలలు తిరగకముందే పోతుంది! మచ్చలు నాలుగైదు చోట్ల మొదలైతే ఇంకా తొందరగా పోతుంది.

పోయిన చోట ఏం పెరుగుతుంది? కొన్నిచోట్ల నాచు. కొన్నిచోట్ల చిన్నగా, తొందరగా పెరిగి, తొందరగా చచ్చిపోయే పలుచని పగడాలు. దూరం నుంచి చూస్తే "పగడాలు ఉన్నాయిగా!" అనిపిస్తుంది. ఏ చెట్టూ లేనిచోట ఆముదం చెట్టే మహావృక్షం అన్న సామెత ఎవరు కల్పించారో గాని, సముద్రానికీ సరిగ్గా సరిపోయింది. ఆముదం చెట్టు మంచిదే. కాని దానికి ఉయ్యాల కట్టగలమా?

ఇక నా వాదన వినండి.

ఈ మధ్య పగడాలను బాగుచేసే పనులు చాలా దేశాల్లో జరుగుతున్నాయి. కొమ్మలు తుంచి, నీటిలో నర్సరీలు పెట్టి, పెంచి, దిబ్బల మీద నాటుతున్నారు. తొందరగా పెరుగుతాయి గనుక కరీబియన్‌లో ఎక్కువగా జింకకొమ్ము, దుప్పికొమ్ము పగడాలనే నాటుతూ వచ్చారు. ఇన్ని వేలు నాటాం, ఇన్ని లక్షలు నాటాం అని లెక్కలు వస్తాయి. ఆ పని మంచిదే. చేసేవాళ్ల కష్టం గొప్పదే. కాని ఎన్ని నాటామన్న లెక్కతో తృప్తిపడటం తప్పని నేనంటాను. లెక్క వేయవలసింది తలలను కాదు, ఏళ్లను. నూరేళ్ల మెదడు పగడం ఒకటి పోయి, ఏడాది వయసు కొమ్మలు నూరు వచ్చినంత మాత్రాన లెక్క సరిపోదు. కనుక ఉన్న డబ్బు, ఉన్న మనుషులు మొదట చూసుకోవలసింది ఇంకా నిలిచి ఉన్న ముసలి పగడాలను.

దీనికి ఎదురువాదనలు ఉన్నాయి. వాటినీ న్యాయంగా చూద్దాం.

మొదటిది: "కొమ్మల పగడాలు లేకుండా దిబ్బ ఉంటుందా? అలల మొనకు ఎదురుగా దిబ్బ నెత్తిని కట్టింది దుప్పికొమ్ము పగడమే గదా!" నిజమే. చేపపిల్లలకు ఎక్కువ దాగుడుచోట్లు ఇచ్చేవీ అవే. వాటిని నాటవద్దని నేననటం లేదు. కాని వాటినే నమ్ముకుంటే ఏమవుతుందో 2023 చూపించింది. ఆ వేసవిలో ఫ్లోరిడా దక్షిణాన నీరు వారాల తరబడి కాగిపోయింది. ఒడ్డుకు దగ్గరగా, లోతు లేని మానటీ బే అనే చోట జూలై 24న కొలిచిన వేడి 38.4 డిగ్రీల సెంటీగ్రేడ్. మనకు జ్వరం వస్తే ఉండే వేడి అది! నీరు వేడెక్కితే పగడం తనలోని శైవలాలను బయటికి నెట్టేసి తెల్లబడుతుంది. తెల్లబడటం చాలాకాలం సాగితే ఆకలితో చచ్చిపోతుంది. ఏళ్ల తరబడి నాటిన జింకకొమ్ము, దుప్పికొమ్ము పగడాలు ఆ ఒక్క వేసవిలో ఫ్లోరిడా దక్షిణపు దిబ్బల మీద దాదాపు మొత్తం పోయాయి. బండ పగడాలు కూడా తెల్లబడ్డాయి గాని, వాటిలో బతికి బయటపడ్డవి ఎక్కువ. అంటే జబ్బుకు ఒక రకం లోకువ, వేడికి మరో రకం లోకువ. రెండూ ఉంటేనే దిబ్బకు ధైర్యం.

రెండవది: "ముసలి పగడాలకు మందెక్కడిది? చచ్చేవాటి మీద డబ్బు పోయటమేగా!" ఇది సరికాదు. ఫ్లోరిడాలో ఈతగాళ్లు నీటి అడుగుకు వెళ్లి, జబ్బు మచ్చ అంచున అమాక్సిసిలిన్ కలిపిన లేపనాన్ని చేత్తో పూస్తున్నారు. మీకు గొంతునొప్పి వస్తే డాక్టరుగారు రాసే మందుల్లో అదొకటి. పూసిన చోట చాలాసార్లు మచ్చ ఆగిపోతున్నది. అయితే కొత్తచోట మచ్చ పుట్టకుండా అది ఆపలేదు. మళ్లీ మళ్లీ వెళ్లి చూడాలి. వాడిన కొద్దీ మందులకు లొంగని సూక్ష్మజీవులు పుట్టే ప్రమాదమూ ఉన్నది. అందుకే స్మిత్సోనియన్ సంస్థ శాస్త్రజ్ఞులు మరో దారి వెతికారు. జబ్బుకు లొంగని ఒక పగడం మీద నుంచి మేలుచేసే బాక్టీరియాను వేరుచేసి, జబ్బు పగడాలకు ఇచ్చి చూశారు. చాలావాటిలో జబ్బు నెమ్మదించిందనో, ఆగిందనో 2023లో ప్రకటించారు. వైద్యం లేని రోగం కాదు, వైద్యం చేసేవాళ్లు తక్కువైన రోగం.

జబ్బు ఇంకా చేరని చోట్ల నుంచి ఆరోగ్యంగా ఉన్న పగడాలను ముందుగానే తీసి కాపాడే పని కూడా ఫ్లోరిడాలో 2018లో మొదలయింది. అలా రెండు వేలకు పైగా పగడాలు సముద్రానికి ఎంతో దూరంలోని రాష్ట్రాల అక్వేరియంలలో కూడా తలదాచుకున్నాయి. ఇంటికి నిప్పంటుకుంటే ముందు పసిపిల్లల్ని బయటికి చేరుస్తాం. అలాంటిదే ఇది.

మూడవది అన్నిటికంటే గట్టిది: "మెదడు పగడాన్ని కూడా తొందరగా పెంచవచ్చు గదా!" ఫ్లోరిడాలోని మోట్ సముద్ర పరిశోధనాలయంలో డేవిడ్ వాన్ అనే శాస్త్రజ్ఞుడూ, ఆయన సహచరులూ దీనికొక ఉపాయం కనిపెట్టారు. బండ పగడాన్ని గోరంత ముక్కలుగా కోస్తే, గాయం మానే తొందరలో ఆ ముక్కలు ఎన్నో రెట్లు వేగంగా పక్కలకు పాకుతాయి. ఒకే తల్లి ముక్కల్ని దగ్గర దగ్గరగా అతికిస్తే అవి కలిసిపోయి ఒకటవుతాయి. ఒక పాత రాతిగుండును అలా కొద్ది ఏళ్లలోనే బతికున్న తోలుతో కప్పవచ్చు. ఇది అద్భుతమే. ఈ పని ఇంకా పెరగాలనే నేనూ కోరుతాను. కాని రెండు సంగతులు మరువకండి. ఇలా పెరిగేది పైతోలే, లోపల నూరేళ్ల రాయి కాదు. పైగా ముక్కలన్నీ ఒకే తల్లివి కనుక ఒకదానికి పడని జబ్బు అన్నిటికీ పడకపోవచ్చు. రకరకాల తల్లులు కావాలంటే ముసలి పగడాలు బతికి ఉండాలి. మెదడు పగడాలు చంద్రుని గమనాన్ని బట్టి లెక్క చూసుకున్నట్టు ఒకే వేళకు గుడ్లూ, వీర్యకణాలూ నీటిలోకి వదులుతాయి. పక్కపక్కన నాలుగు పెద్ద పగడాలు ఉంటేనే అవి కలుస్తాయి. దూరదూరంగా ఒంటరిగా మిగిలినవి ఎన్ని గుడ్లు వదిలినా నీటిపాలే.

మరి ఏం చేయాలంటారు? మొదట, పెద్ద పగడాలన్నిటికీ జాబితా రాయాలి. పాత గుడికీ, కోటకూ పురావస్తు శాఖవాళ్లు బోర్డు పెట్టి కాపలా ఉంచినట్టు, నూరేళ్లు దాటిన ప్రతి పగడానికీ ఒక కాపలా ఉండాలి. పడవ లంగరు దాని మీద పడకూడదు. జబ్బు మచ్చ కనిపించిన వారంలో వైద్యం అందాలి. రెండవది నీటి శుభ్రత. మురుగునీరు, పొలాల ఎరువు, తవ్వకాల బురద సముద్రంలోకి పోకుండా ఆపాలి. మయామీ రేవు కాలువను లోతు చేసేందుకు 2013 నుంచి 2015 దాకా తవ్వినప్పుడు లేచిన బురద చుట్టుపక్కల పగడాల మీద పేరుకుపోయింది. పగడానికి బురద గిట్టదన్న సంగతి గుర్తుంచుకోమన్నాను గదా! మూడవది మనందరిది. బొగ్గు, పెట్రోలు మండించిన పొగతో భూమి వేడెక్కుతూ ఉంటే ఏ మందూ ఎంతోకాలం కాపాడదు. 2023లో మొదలైన తెల్లబాటు ప్రపంచమంతటా నాలుగోసారి వచ్చినదని 2024 ఏప్రిల్‌లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. అదే ఏడాది, ప్రపంచంలోని దిబ్బలు కట్టే పగడ జాతుల్లో 44 శాతానికి అంతరించే ముప్పు ఉన్నదని లెక్క తేలింది.

"వేడి తగ్గితేనే గదా ఏదైనా! అంతదాకా లేపనాలు పూయటం దేనికి?" అని కొందరంటారు. వాన వెలిసేదాకా గొడుగు పట్టుకోవటం దేనికి అన్నట్టున్నది ఈ మాట. వేడి తగ్గించటానికి దశాబ్దాలు పడుతుంది. ఆ రోజు వచ్చేసరికి మళ్లీ దిబ్బ కట్టటానికి తల్లులు మిగలాలి. అందుకోసమే ఈ కాపలా.

మీరు కరీబియన్‌కు వెళ్లి లేపనం పూయనక్కరలేదు. కాని ఈ లెక్క మీకు ఇక్కడా పనికొస్తుంది. మీ బడిలో మొక్కలు నాటే రోజు వస్తుంది. ఇన్ని వందలు నాటామని పత్రికలో వార్త కూడా వస్తుంది. అప్పుడు మీరు ఒక్క ప్రశ్న వేయండి: "ఈ ఏడాది మన ఊళ్లో ఎన్నేళ్ల చెట్లు ఎన్ని కొట్టారు?" నాటినవాటి వయసు ఒక పక్కన, కొట్టినవాటి వయసు మరో పక్కన రాసి కూడండి. రెండో పక్క ఎక్కువ వచ్చిందనుకోండి, ఆ కాగితాన్ని మీ మాస్టారికి చూపించండి. నాటటం మానమని చెప్పటానికి కాదు, కొట్టటం ఆపాలని అడగటానికి.